కర్నూలులో నాలుగు కోట్ల కారు అమ్మడం ఎంత కష్టం?

2024లో మన దేశంలో సుమారు 43 లక్షల కార్లు అమ్ముడయ్యాయి. మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి, రేంజ్ రోవర్ లాంటి ఖరీదైన బండ్లన్నీ కలిపినా అందులో వందకు ఒకటి చొప్పున పడతాయి. మెర్సిడెస్ 19,565 కార్లు అమ్మి ఆ జాబితాలో ముందు నిలిచింది. ఇంకో మెట్టు పైకెక్కితే అంకెలు ఒక్కసారిగా చిక్కిపోతాయి. లాంబోర్గిని ఆ ఏడాది దేశం మొత్తం మీద అమ్మినవి 113. రోల్స్ రాయిస్ ప్రపంచం మొత్తానికి ఇచ్చినవే 5,712.

ఈ అంకెలు చూసి, రాయలసీమలో అలాంటి కార్లు కొనేంత డబ్బు ఎక్కడుంది అనుకుంటే పొరపాటు. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లు, తాడిపత్రి గ్రానైట్, బేతంచెర్ల నాపరాయి, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, ఆదోని పత్తి, పుట్లూరు అరటి, అనంతపురం చీనీ (బత్తాయి) తోటలు, కర్నూలులో వీధికొక నర్సింగ్ హోమ్, వీటన్నిటి మీదా రోడ్లు, కాలువల కాంట్రాక్టర్లు. మూడు నాలుగు కోట్లు తీసి పక్కన పెట్టగల కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. వాళ్ల ఇంటి ముందు మాత్రం ఫార్చ్యూనరో, ఇన్నోవానో ఉంటుంది. వాళ్లకు కారు అమ్మాలని హైదరాబాద్ నుంచో, బెంగళూరు నుంచో వచ్చే సేల్స్ కుర్రాళ్లు మూడు నాలుగు సార్లు తిరిగి, టీలు తాగి, ఒట్టి చేతులతో వెనక్కిపోతుంటారు. ఎందుకని?

వాళ్లను అడిగితే మొదట చెప్పేది ధర. అది నిజమే గానీ సగం నిజం.

ముందు ఆ ధర ఎలా తయారవుతుందో చూద్దాం. విదేశంలో తయారై, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలుపుకొని మన రేవుకు చేరేసరికి కోటి రూపాయలు పడిన పెట్రోల్ ఎస్‌యూవీ ఒకటి అనుకోండి. 40 వేల డాలర్ల విలువ దాటిన దిగుమతి కారు మీద సుంకాలన్నీ కలిపి 110 శాతం. 2025 బడ్జెట్‌లో కార్ల దిగుమతి సుంకం 70 శాతానికి తగ్గిందని వార్తలొచ్చాయి. కానీ దాని పక్కనే వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు పేరుతో 40 శాతం వచ్చి కూర్చుంది. చివరికి కట్టేది మళ్లీ అదే 110. (చీనీ రైతు పేరు చెప్పి చీనీ రైతు దగ్గరే వసూలు చేసే సెస్సు ఇదొక్కటేనేమో!) రేవు దాటేసరికి కారు 2 కోట్ల 10 లక్షలయింది. దాని మీద జీఎస్టీ 40 శాతం, అంటే ఇంకో 84 లక్షలు. ఇక్కడికి 2 కోట్ల 94 లక్షలు. 2025 సెప్టెంబరు 22కు ముందయితే జీఎస్టీ 28, సెస్సు 22 కలిసి 50 శాతం ఉండేది కాబట్టి, ఆ మేరకు 21 లక్షలు తగ్గినట్టే లెక్క. తర్వాత ఆంధ్రలో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ 18 శాతం. మరో 53 లక్షలు. మొత్తం 3 కోట్ల 47 లక్షలు. ఇందులో డీలర్ లాభం కలపలేదు, ఇన్సూరెన్స్ కలపలేదు, రంగులూ తోళ్లూ మార్పించుకునే ముచ్చట్లూ కలపలేదు. అవన్నీ చేరితే నాలుగు కోట్లకు దగ్గర పడుతుంది.

కోటి రూపాయల వస్తువు నాలుగు కోట్లవడం అందరికీ బాధగానే ఉంటుంది. సీమ వ్యాపారికి ఆ బాధ ఇంకో రకం. గ్రానైట్ ఎగుమతి చేసేవాడికి ఓడ కిరాయి, రేవు ఖర్చు, సుంకం అంటే ఏమిటో సేల్స్ కుర్రాడి కంటే బాగా తెలుసు. కొటేషన్ చేతికిచ్చిన ఐదు నిమిషాల్లో వెనక్కి లెక్కకట్టి, 'ఇందులో బండి మూడో వంతు కూడా లేదే' అంటాడు. డబ్బు పోతుందని ఆయన బాధ కాదు. తెలిసి తెలిసి మోసపోయినవాడిలా కనపడతానేమోనని సంకోచం. రోజూ బేరం చేసి బతికే మనిషికి, బేరమే లేని చోట కొనడం నామోషీగా ఉంటుంది. ఈ స్థాయి కార్లలో ధర మీద బేరం దాదాపు ఉండదు. అందుకే తెలివైన డీలర్లు ఏదో ఒకటి వదులుతారు: సర్వీస్ ప్యాకేజీ, మొదటి ఏడాది ఇన్సూరెన్స్, ఇంకో జత టైర్లు. దాని విలువ కారు ధరలో ఎంత అని కాదు, మాట నెగ్గించుకున్నాననే తృప్తి కొనేవాడికి ఉండాలి.

ఇదే కారు బ్యాటరీది అయితే జీఎస్టీ 40 బదులు 5 శాతమే. పై లెక్కలో 2 కోట్ల 94 లక్షలకు బదులు 2 కోట్ల 20 లక్షల 50 వేల దగ్గర ఆగుతుంది. కాగితం మీద చూస్తే ఇంతకు మించిన బేరం లేదు. కానీ నాలుగు కోట్ల బండి వేసుకొని పోయి హైవే మీద చార్జింగ్ దగ్గర వరుసలో నిలబడటం మన పెద్దమనుషుల్లో ఎంతమందికి రుచిస్తుంది? రోల్స్ రాయిస్ స్పెక్టర్‌ను 2024 జనవరిలో ఇక్కడ ఏడున్నర కోట్లకు విడుదల చేసినప్పుడు, దాని కొనుగోలుదారులు పెద్ద నగరాల్లో, ఇంట్లో ఇంకో నాలుగు కార్లున్నవాళ్లేనని ఎవరైనా ఊహించగలరు.

ధర గురించి ఇంకొక్క మాట. మే 2024లో రేంజ్ రోవర్‌ను పుణెలో బిగించడం మొదలుపెడుతున్నట్టు ప్రకటించారు. అంతవరకు ఆ బండి ఇంగ్లండ్ దాటి బయట తయారైంది లేదు. దాంతో ధర 2.36 కోట్ల నుంచి మొదలయింది, కొన్ని రకాల మీద ఏకంగా 50 లక్షలకు పైగా పడిపోయింది. అంతకు ముందు నెల డెలివరీ తీసుకున్నవాళ్ల గతేమిటి? ఆ కథ కాంట్రాక్టర్ల మధ్య ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది. ఆ మీదట 2025 జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పరిమిత సంఖ్యలో కార్ల మీద సుంకాన్ని మెట్టు మెట్టుగా 10 శాతం దాకా దించుతామన్నది అందులో ఒక అంశం. రోల్స్ రాయిస్, బెంట్లీ, ఆస్టన్ మార్టిన్ అన్నీ అక్కడివే. ఇక సేల్స్‌వాళ్లకు వినపడే మాట ఒకటే: 'తగ్గుతాదంటున్నారు కదా, చూద్దాంలే.' పత్తిని గోడౌన్‌లో పెట్టుకొని రేటు కోసం ఆరు నెలలు ఎదురుచూడటం అలవాటైన మనిషికి కారు కోసం రెండేళ్లు ఆగడం ఒక లెక్కా?

ఆడిటర్ గదిలో తేలే సంగతి

ధర సరేనన్నాక అసలు చిక్కు మొదలవుతుంది. డబ్బుంది. అది ఏ రూపంలో ఉంది?

2017 ఏప్రిల్ నుంచి ఒకే లావాదేవీకి 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. తీసుకుంటే, తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా. అంటే డీలర్ భయపడతాడు. ఇక 10 లక్షలు దాటిన కారు అమ్మిన ప్రతిసారీ డీలర్ ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా పట్టి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేసి కొనేవాడి పాన్ నంబరు మీద జమచేయాలి. ఈ నిబంధన 2016 జూన్ నుంచి ఉంది. మూడు కోట్ల కారుకు మూడు లక్షలు. ఆ డబ్బు పోయేది కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కానీ ఆ ఎంట్రీ ఆదాయపు పన్ను శాఖ దగ్గర ఉన్న ఆయన వార్షిక చిట్టాలో నల్లగా పడి ఉంటుంది. ఏడాదికి 18 లక్షల ఆదాయం చూపించే మనిషి మూడు కోట్ల కారు కొన్నట్టు కంప్యూటర్‌కు తెలియడానికి ఎవరూ ఫిర్యాదు చేయక్కర్లేదు.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా అంటారు. లేదు. కానీ ఆ ఆదాయం నిజంగా వచ్చిందని చూపించాలి. పాస్‌బుక్, మండీ చీటీలు, బ్యాంకులో జమ అయిన డబ్బు. అరటి తోట ఉన్నవాడి దగ్గర అవి సగం ఉంటాయి, సగం ఉండవు. అందుకే ఇక్కడ పెద్ద కారు కొనాలా వద్దా అనేది షోరూమ్‌లో తేలదు. ఆడిటర్ గదిలో తేలుతుంది. ఆయన, 'కంపెనీ పేరు మీద తీసుకుందాం, ఏటా 15 శాతం తరుగుదల చూపిద్దాం. జీఎస్టీ క్రెడిట్ మాత్రం రాదు' అంటే సగం పని అయినట్టే. 'ఈ ఏడాది వద్దన్నా, వచ్చే మార్చి తర్వాత చూద్దాం' అంటే అంతే సంగతులు. చేతిలో డబ్బున్నా కొందరు లోన్ పెట్టి కొనేది కూడా ఇందుకే. నెల నెలా కంతు కడుతున్నట్టు కాగితం ఉంటే, అడిగినవాడికి చూపించడానికి బాగుంటుంది.

షోరూమ్ శిక్షణలో సీటు తోలు ఎక్కడి ఎద్దుదో చెప్పడం నేర్పిస్తారు గానీ, ఆడిటర్‌తో ఎలా మాట్లాడాలో నేర్పించరు. నాకు తెలిసి ఈ వ్యాపారంలో ఇంతకంటే పెద్ద లోపం లేదు.

రాజకీయాల్లో ఉన్నవాళ్లకు ఇంకో పీటముడి. ఎన్నికల్లో నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో వాహనాలు రాయాలి. అది ఊరందరూ చదువుకునే కాగితం. జిల్లా పత్రికలో మర్నాడే వస్తుంది. ఎమ్మెల్యే కావాలనుకునేవాడి పేరు మీద రోల్స్ రాయిస్ ఉంటే ప్రత్యర్థికి వేరే ప్రచారం అక్కర్లేదు. ఈ ప్రాంతంలో కాంట్రాక్టుకూ రాజకీయానికీ మధ్య గోడ ఎంత పలచనో చెప్పాల్సిన పని లేదు కదా.

ముందు సీటు మనిషి

ఆ మధ్య కర్నూలు నంద్యాల రోడ్డులో ఒక ఇంటి ముందు లారీ మీద నుంచి డెమో కారు దించుతుంటే చూశాను. హైదరాబాద్ నుంచి 210 కిలోమీటర్లు దాన్ని నడపకుండా లారీ మీదే తెచ్చారు, టైరుకు దుమ్ము కూడా అంటలేదు. ఇంటాయన లుంగీ మీద, భుజాన తువ్వాలుతో బయటికొచ్చాడు. సేల్స్ కుర్రాడు సూటులో చెమటలు కక్కుతూ, వెనక తలుపు తెరిచి, సీటు ఎలా పడుకుంటుందో, ఎలా మసాజ్ చేస్తుందో చూపించడం మొదలుపెట్టాడు.

'మసాజ్ ఇంటికాడ చేయించుకుంటాం లేప్పా. ముందర సీటు ఎట్లుంటాదో చూపీ' అన్నాడాయన.

కుర్రాడికి అర్థం కాలేదు. ఈ తరగతి కార్లలో డబ్బంతా వెనక సీట్లో ఉంటుంది. కాళ్లు చాపుకునే జాగా, చిన్న ఫ్రిజ్, కర్టెన్, బయటి శబ్దం వినపడని అద్దాలు. యజమాని వెనక ఒంటరిగా, హాయిగా, ఎవరికీ కనపడకుండా కూర్చుంటాడని వాటిని తయారుచేసినవాళ్ల అంచనా. మన దగ్గర పెద్దమనిషి కూర్చునేది డ్రైవర్ పక్కన. అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి. దారిలో ఎదురైనవాళ్లకు చెయ్యెత్తాలి, చెట్టు కింద కూర్చున్న ముసలాయనను పేరు పెట్టి పలకరించాలి, అర్జీ తెచ్చినవాడి మాట ఇంజిన్ ఆపకుండానే వినాలి. వెనక సీట్లు అనుచరులకు. మూడు కోట్లు పెట్టి కొన్న పడక సీట్లో ఊరి సర్పంచి తమ్ముడు కూర్చొని మసాజ్ చేయించుకుంటుంటే, యజమాని ముందు మామూలు సీట్లో పోవాలన్నమాట!

ఇది సరదాకు చెప్పడం లేదు. మనిషి కనపడటమే ఇక్కడ ఆస్తి. 2012లో సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించడాన్ని నిషేధించినప్పుడు నగరాల్లో చాలామంది గొణిగారు. మా వైపు లీడర్లలో చాలామందికి అసలు అద్దం పైకెత్తే అలవాటే లేదు. ఫార్చ్యూనర్, ల్యాండ్ క్రూజర్ ఇక్కడ ఎందుకు రాజ్యమేలుతున్నాయో ఇందులోనే ఉంది. ముందు సీటు ఎత్తుగా ఉంటుంది. దిగి ఎక్కడానికి ఠీవిగా ఉంటుంది. ఫార్చ్యూనర్‌లో అయితే వెనక ఐదుగురు పడతారు. ల్యాండ్ క్రూజర్ 300 కూడా 2 కోట్లు దాటినదే. అయినా అది 'పెద్ద బండి' అనిపించుకుంటుంది గానీ, 'ఎక్కువ చేస్తున్నాడు' అనిపించదు.

ఆ గీత చాలా సన్ననిది. ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు వలసపోతాయి. అలాంటి ఊళ్లోకి లాంబోర్గిని తోలుకుపోతే పిల్లలు వెంట పరిగెత్తుతారు, పెద్దవాళ్లు మాట్లాడరు. ఆ మౌనం ఏమిటో ఊళ్లో పుట్టినవాడికి తెలుసు. డబ్బు చూపించుకోవాలనే కోరిక ఈ నేలలో తక్కువేమీ కాదు. పెళ్లిలో చూపిస్తారు, జాతరలో చూపిస్తారు, గుడి గోపురానికి బంగారు పూత పూయించి చూపిస్తారు. అక్కడ పదిమందికి అన్నం దొరుకుతుంది, పేరు శిలాఫలకం మీద ఉంటుంది. కారులో కనపడేది తనొక్కడే.

నంద్యాల రోడ్డు కథ పూర్తిచేస్తాను. టెస్ట్ డ్రైవ్ బాగానే అయింది. వచ్చాక కారును ఇంట్లో పెట్టిచూద్దామన్నారు. గేటు ముందు ర్యాంపు ఇన్నోవాకు సరిపోయేలా కట్టింది. ఇన్నోవా క్రిస్టా పొడవు నాలుగు మీటర్ల 73 సెంటీమీటర్లు. లాంగ్ వీల్‌బేస్ రేంజ్ రోవర్ అయిదుంపావు మీటర్లు, రోల్స్ రాయిస్ ఫాంటమ్ అయిదు మీటర్ల 76. ఈ డెమో బండి కూడా ఆ వరుసదే. ఇంటి డ్రైవర్ దిగి, ముందూ వెనకా చూసి, 'అద్దాలు మడిస్తేనే గేటు దాటుతాదన్నా. దాటినా తోక రోడ్డు మీదనే ఉంటాది' అన్నాడు. లోపలి నుంచి ఇంటాయన తల్లి వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కొడుకును అడిగింది: 'అహోబిలం కొండ మీదికి ఎక్కుతాదా నాయనా ఇది?' ఎక్కుతుంది. అంతకు పదింతలు ఎక్కుతుంది. కానీ కుర్రాడు సమాధానం ఇంగ్లీషులో హార్స్‌పవర్‌తో మొదలుపెట్టాడు. ఆమె మధ్యలోనే లోపలికి వెళ్లిపోయింది. ఆ బండి మళ్లీ లారీ ఎక్కింది.

అనుభవమున్న సేల్స్‌వాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు కారు తేరు. టేపు తెస్తారు. గేటు, పోర్టికో, ర్యాంపు వాలు కొలుచుకుపోతారు. ఇంటి డ్రైవర్‌తో పక్కకు వెళ్లి టీ తాగుతారు. పదిహేనేళ్లు ఇన్నోవా నడిపిన డ్రైవర్‌కు కొత్త బండి అంటే ఉద్యోగానికే గండం. గీత పడితే లక్షలు, ఆ మాట తన మీదికే వస్తుంది. పైగా ఇంత బండికి కొత్త డ్రైవర్‌ను పెడతారేమో. ఆయన 'మన రోడ్లకు ఇది పనికి రాదన్నా' అని ఒక్క మాట అంటే చాలు, కంపెనీవాళ్లు తెచ్చిన బ్రోచర్లన్నీ దండగ. యజమాని కంటే ముందు ఆయనను రెండు రోజులు బెంగళూరు తీసుకెళ్లి బండి నేర్పిస్తామని చెప్పడం ఎన్ని డిస్కౌంట్లకు సమానమో డీలర్లకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదనిపిస్తుంది.

ఇంకా చిన్నవి కొన్ని ఉన్నాయి. మూఢంలో, ఆషాఢంలో బండి దించుకోరు. దసరాకు, ఉగాదికి ఇంటికి రావాలి. ఓడ ఎక్కిన కారుకు మన పంచాంగం తెలియదు, రేవులో కస్టమ్స్ కాగితం ఆలస్యమైతే ముహూర్తం తప్పుతుంది. అనంతపురం వైపు కసాపురం ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించకుండా బండి రోడ్డెక్కించనివాళ్లు చాలామంది. ఇక నంబరు. 2024లో హైదరాబాద్‌లో 9999 నంబరు వేలంలో 25.5 లక్షలు పలికింది. ఆ డబ్బుతో ఒక మంచి కారే వస్తుంది. మా దగ్గర కూడా కారు రంగు గురించి అరగంట మాట్లాడితే నంబరు గురించి గంట మాట్లాడతారు. సేల్స్‌వాళ్లు వీటిని మూఢనమ్మకాలని నవ్వుకుంటే నవ్వుకోవచ్చు. వాయిదాలు వేయడానికి కొనేవాడికి ఇంతకంటే మర్యాదైన సాకు ఉండదు గనక, ముందే పంచాంగం చూసుకొని తేదీ తామే చెప్పడం మేలు.

చెడిపోతే ఎవరిది?

కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఇలాంటి బండి ఆగిపోయిందనుకోండి. మెకానిక్ ఉంటాడు, చెయ్యి పెట్టడు. బానెట్ తెరిచినా లోపల ప్లాస్టిక్ మూతలే కనపడతాయి. లాప్‌టాప్ తగిలిస్తేనే జబ్బు తెలుస్తుంది, ఆ లాప్‌టాప్ బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటుంది. లారీ రావాలి, బండి పోవాలి, విడిభాగం విదేశం నుంచి రావాలి. అంతవరకు నాలుగు కోట్లు వర్క్‌షాపులో దుమ్ము కొట్టుకుంటూ పడి ఉంటాయి. ఊళ్లో జనం 'ఏమైంది బండి?' అని అడుగుతూనే ఉంటారు. కొన్న రోజు కంటే ఆ రోజు పరువు పోయే అవకాశం ఎక్కువ.

అలాగని ఇక్కడ షోరూమో సర్వీస్ సెంటరో పెట్టడం కుదరదు. దేశం మొత్తం మీద 113 అమ్మే కంపెనీ కడపలో కొట్టు తెరిచి ఏం చేస్తుంది? వందల కోట్ల పెట్టుబడి లేకుండానే నడవాలంటే నగరంలో ఒక్క చోట కూర్చొని, బండి ఉన్నచోటికి మనుషులను పంపాలి. పంపుతామని ఒప్పందాల్లో రాస్తారు. ఎన్ని గంటల్లో అని రాయరు. నన్నడిగితే ఈ ఒక్కదాన్ని కాగితం మీద రాసిచ్చిన డీలర్‌కు సీమలో గిరాకీ వస్తుంది.

విచిత్రం ఏమిటంటే, కార్ల తయారీకి ఇది కొత్త చోటు కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు ఇస్తోంది, ఏటా 3 లక్షలు తీయగల సామర్థ్యంతో. 2024లో 63.90 లక్షలకు విడుదలైన కార్నివాల్ అక్కడే బిగిస్తున్నారు. దాని పుణ్యాన అనంతపురం చుట్టుపక్కల మంచి మెకానిక్కులు తయారయ్యారు. కొనేవాడికి ఇంకో పోలిక కూడా దొరికింది. 'మనూరి ఫ్యాక్టరీ బండిలో వెనక సీటు ఇంత బాగుంటే, ఇంకో రెండు మూడు కోట్లు ఎందుకు పెట్టాలి?' అనే ప్రశ్నకు సేల్స్‌వాళ్ల దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

బంగారంతో పోలిక ఇంకా చేదుగా ఉంటుంది, ముఖ్యంగా ప్రొద్దుటూరులో. ఇన్సూరెన్స్ కంపెనీలు కారు విలువ లెక్కకట్టే పట్టిక చూడండి: మొదటి ఏడాది చివరికి 15 శాతం, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, అయిదేళ్లకు 50 శాతం కోత. లైఫ్ ట్యాక్స్ ఆ లెక్కలోకే రాదు. బయట మార్కెట్‌లో అంత కూడా పలకదు, ఎందుకంటే కొనేవాళ్లే తక్కువ. తులం మీద లక్ష దాటిన బంగారాన్ని రోజూ తూచే మనిషికి, అయిదేళ్లలో సగమయ్యే వస్తువు అమ్మాలంటే మాటకారితనం ఒక్కటే చాలదు.

అయితే ఎవరు కొంటున్నారు?

కొంటున్నారు. కాకపోతే ఆ కార్లు ఇక్కడ ఉండవు. అనంతపురం నుంచి బెంగళూరు హైవే మీద మూడున్నర గంటలు. కొడుకు అక్కడ చదువుకుంటుంటాడు, వియ్యంకుడు అక్కడే ఉంటాడు, హెబ్బాళ్ పక్కన ఒక ఫ్లాట్ ఉంటుంది. కారు ఆ ఫ్లాట్ కింద ఉంటుంది, కర్ణాటక నంబరుతో. సంక్రాంతికి కూడా ఊరికి తేరు. అప్పుడు మళ్లీ ఫార్చ్యూనరే. కర్నూలువాళ్లకు హైదరాబాద్ అలాగే. కాబట్టి సీమ డబ్బుతో కొన్న ఖరీదైన కార్ల లెక్క సీమ రవాణా కార్యాలయాల్లో దొరకదు. 'ఆ జిల్లాల్లో మార్కెట్ లేదు' అని కంపెనీలు అనుకోవడానికి ఇదొక కారణం.

పన్ను తప్పించుకోవడానికి పుదుచ్చేరి నంబరు వేయించే దారి కూడా కొందరు ఎంచుకున్నారు. ఇక్కడ 18 శాతం, అక్కడ చాలా తక్కువ. అద్దె ఇంటి చిరునామా ఒకటి పుట్టిస్తే సరిపోయేది. కేరళలో సినిమావాళ్ల మీదే కేసులయ్యాక ఆ ధైర్యం తగ్గింది. చట్టం ప్రకారం వేరే రాష్ట్రం నంబరు బండి 12 నెలలు దాటి ఇక్కడ తిరిగితే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, ఇక్కడి పన్ను కట్టాలి. అలాంటి సలహా తానే ఇచ్చే డీలర్ మూడేళ్లకు చెక్‌పోస్టులో కస్టమర్‌ను పోగొట్టుకుంటాడు. ఆయనతో పాటు ఆయన తోడల్లుడినీ, ఇద్దరు భాగస్వాములనూ పోగొట్టుకుంటాడు. ఇక్కడ అమ్మకమంతా ఒకరి మాట మీద ఇంకొకరు రావడమే. ప్రకటన చూసి వచ్చేవాడు ఉండడు.

ఆ మాట మర్యాదతో మొదలవుతుంది. 2022 జనవరిలో మన సరిహద్దు పక్కనే ఉన్న తుమకూరులో, పికప్ బండి కొందామని షోరూమ్‌కు వెళ్లిన రైతును పది రూపాయలు కూడా లేవంటూ ఎగతాళి చేశారు. ఆయన గంటలోపే 10 లక్షలు తెచ్చి చూపించాడు. దేశమంతా ఆ వీడియో చూసింది. అది 10 లక్షల బండి. నాలుగు కోట్ల షోరూమ్ గాజు తలుపు దగ్గర పంచెకట్టు మనిషి ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో ఊహించుకోవచ్చు. ఆ తలుపు దాకా పోవడం ఇష్టంలేకనే చాలామంది అల్లుడినో, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే కొడుకునో పంపిస్తారు. వాళ్లు తమకు నచ్చింది చూసొస్తారు. ఇంటి పెద్దకు నచ్చదు. కథ మళ్లీ మొదటికి.

సీమలో ఈ తరగతి కారు మొదటిసారి ఇంటికొచ్చే దారి ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండే. బెంగళూరులో మూడేళ్లు తిరిగిన రేంజ్ రోవర్ సగం ధరకు దొరికితే, మొదటి కోత ఇంకెవరో భరించారు, టీసీఎస్ ఎంట్రీ చిన్నది, ఊళ్లో 'పాతదేలే' అని చెప్పుకోవడానికీ వీలుంటుంది. డబ్బున్నవాడికి ఆ చివరి మాట చాలా అక్కరకొస్తుంది. కొత్త కారు అమ్మేవాడికి అసలు పోటీ ఇదే. కంపెనీలకు కూడా తెలుసు కాబట్టే మెర్సిడెస్, బీఎండబ్ల్యూ నుంచి రోల్స్ రాయిస్ దాకా పాత కార్లను తామే పరీక్షించి అమ్మే విభాగాలు పెట్టుకున్నాయి.

ఆ దారిలో కొనేవాళ్లు చూసుకోవాల్సింది కాగితాలు. పాత రాష్ట్రం ఇచ్చిన ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), లోన్ తీరినట్టు బ్యాంకు లేఖ, సర్వీస్ చరిత్ర, దిగుమతి బండి అయితే కస్టమ్స్ కాగితం. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్‌వాళ్లు భూటాన్ మీదుగా దొంగచాటుగా వచ్చిన పెద్ద బండ్ల కోసం వరుస సోదాలు చేసి, ఒకటికి రెండు చేతులు మారిన కార్లను కూడా పట్టుకుపోయారు. కొన్నవాడు తనకు తెలియదన్నా బండి పట్టుకుపోవడం ఆగలేదు. ఛాసిస్ నంబరు తీసుకొని కంపెనీ అసలు డీలర్ దగ్గర ఒకసారి అడిగితే, ఆ బండి ఈ దేశానికి ఏ దారిన వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది.